వనభోజనంలో పిల్లలకు ఏ పని?

ప్రశ్న: కార్తీకంలో మూడు కుటుంబాలం కలిసి తాటిపూడి వైపు పిక్నిక్‌కి వెళ్తున్నాం. పెద్దలం ఆరుగురం, పిల్లలు ఆరుగురు (6 నుంచి 13 ఏళ్లు). ఈసారి వంట పిల్లలచేతే చేయిద్దామని ఉంది. ఏ పని ఎవరికివ్వాలి? పోయినేడాది అన్నం అడుగంటి, పైన పలుకుగా ఉండిపోయింది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నాలుగు రోజుల ముందే పిల్లల్ని కూర్చోబెట్టి, ఏం వండాలో, ఏం కొనాలో వాళ్లచేతే రాయించండి. అక్కడికెళ్లాక 'అది అందుకో, ఇది పట్టుకో' అంటే పది నిమిషాల్లో విసుగొస్తుంది. పట్టీ రాసినవాళ్లే సామాను సర్దితే, పొయ్యి దగ్గరా వాళ్లే పెద్దరికం తీసుకుంటారు.

మొదటిసారికి పులగం, కాల్చిన వంకాయ పచ్చడి చాలు. పులగం కాస్త జారైనా, గట్టిపడినా తినేయొచ్చు. 12 మందికి 4 గ్లాసుల బియ్యం, 2 గ్లాసుల పెసరపప్పు, 24 గ్లాసుల నీళ్లు. ఈ లెక్క పదేళ్లవాళ్లకు వదిలేయండి. గిన్నె 10 లీటర్లది ఉండాలి. చిన్నదైతే పొంగి మంట ఆరిపోతుంది. ఉప్పు ముందు రెండు పెద్ద చెంచాలే వేసి, రుచి చూశాక కలుపుకోండి.

ఆరేళ్లవాళ్లకు గిన్నె బయటివైపు తడి బూడిద పూసే పని ఇవ్వండి, మసి సులువుగా వదులుతుంది. వంకాయలకు నాలుగైదు గాట్లు పెట్టి, పుచ్చులున్నాయేమో చూడడం ఎనిమిదేళ్లవాళ్ల వంతు. గాట్లు లేకపోతే నిప్పుల్లో పేలతాయి. కట్టెలు ఎగదోయడం పన్నెండు దాటినవాళ్లకే, అదీ పక్కన పెద్దవాళ్లుండగా. పొయ్యి చుట్టూ ఆరడుగుల మేర ఆకులు ఊడ్చి ముగ్గుతో గీత గీయండి. మిగతా పిల్లలు గీత దాటకూడదు. చున్నీలు, నైలాన్ బట్టలు వద్దు.

పోయినేడాది సంగతికొస్తే, పల్చటి అల్యూమినియం గిన్నె, పెద్ద మంట, మూత లేకపోవడం – ఈ మూడూ కలిస్తే అలాగే అవుతుంది. మంటంతా అడుగున నడిమికే తగులుతుంది, పైవేడిని గాలి లాక్కుపోతుంది. మందపాటి అడుగున్న గిన్నె తీసుకెళ్లండి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి గిన్నె ఉంటే మరీ మంచిది (చింతపండు వంటకాలకైతే లోపల కళాయి, అంటే తగరం పూత ఉండాలి). ఎసరు మరిగాకే బియ్యం, పప్పు వేయండి. నీళ్లు ముప్పావు వంతు ఇంకాక కట్టెలు వెనక్కి లాగి, మూతపెట్టి, నిప్పుల మీదే పావుగంట ఉంచండి. మధ్యలో నీళ్లు చాలకపోతే వేడినీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. పొయ్యికి ఏట్లోంచి తీసిన తడిరాళ్లు వాడకండి, వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. మూడు పొడి ఇటుకలు చాలు.

ప్రశ్న: మేం కళింగపట్నం తీరాన వండుకుందామనుకుంటున్నాం. పిల్లలు జీడిపిక్కలు కాల్చుకుంటామంటున్నారు. కాల్చుకోనివ్వొచ్చా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: వద్దండి. పిక్క పెంకులో ఉండే జీడినూనె వేడికి చిమ్మి అంటుకుంటుంది. ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది, ఆ పొగ కళ్లను మండిస్తుంది. పలాస జీడిపప్పు కొని నేతిలో వేయించనివ్వండి. ఎవరికైనా చెయ్యి కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయండి, పేస్టు, పసుపు పూయకండి.

తీరంలో ఇంకో ప్రమాదం ఉంది. వంటయ్యాక నిప్పుల మీద ఇసుక కప్పి వచ్చేస్తారు. కింద నిప్పు గంటలకొద్దీ కాగుతూనే ఉంటుంది, పైకి కనబడదు. చెప్పుల్లేని కాలు పడితే చర్మం ఊడిపోతుంది. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. చేతి వెనకవైపు దగ్గరగా పెట్టినా వేడి తెలియనప్పుడే అక్కడి నుంచి కదలండి.