ఆ మంగళవారాల గురించి రాయి, బిడ్డా

చిక్కడపల్లి,
హైదరాబాద్.

బిడ్డా,

బ్రిటన్‌లో చదువుకోవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ కోసం నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దమ్మగా చదివి ఏడ్చాను. రెండోసారి, ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ కమిటీలో పద్నాలుగేళ్ళు కూర్చున్న మనిషిగా చదివాను. అప్పుడు దిగులేసింది. కాగితం నిండా కష్టమే ఉంది, నువ్వు ఎక్కడా కనబడలేదు.

"నా బాల్యం ఒక కన్నీటి కడలి" అని మొదలుపెట్టావు. ఏటా ఇలాంటి వాక్యంతో మొదలయ్యే కాగితాలు నా చేతికి బోలెడు వచ్చేవి. రాసిన పిల్లలెవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఏ కడలి ఎవరిదో నాకు గుర్తుండేది కాదు. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో పేదవాళ్ళకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు పెట్టిన ముహమ్మద్ యూనస్ గారి గురించి పెద్ద పేరా. 1976లో జోబ్రా ఊళ్ళో 42 మందికి కలిపి 27 డాలర్లు అప్పిచ్చారని, 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని. అన్నీ నిజాలే, అయితే సామాజిక వ్యాపారం మీద రాసే పిల్లలు చాలామంది ఆ 27 డాలర్ల దగ్గరే మొదలుపెడతారు. చదివేవాళ్ళకు ఆయన సంగతి తెలుసు. బోరబండలో మీ ఇంటి గడప సంగతి తెలియదు.

ఆ గడప మీద ప్రతి మంగళవారం పొద్దున ఏం జరిగేదో నీకు గుర్తుందా? నీకప్పుడు తొమ్మిదేళ్ళు. మీ అమ్మ చిన్న అప్పులిచ్చే కంపెనీ దగ్గర గ్రూపు లోను తీసుకుంది. పది మంది ఆడవాళ్ళు వచ్చి చాప మీద కూర్చునేవాళ్ళు. ఒక్కరు కిస్తీ కట్టలేకపోయినా కంపెనీవాళ్ళు మిగతా తొమ్మిది మందిని లేవనిచ్చేవాళ్ళు కాదు. ఓసారి నేను వచ్చేసరికి నువ్వు బడి ఎగ్గొట్టి తలుపు చాటున నిలబడి, ఎవరి చేతిలో ఎంత ఉందో, ఇంకెంత తక్కువ పడుతుందో వేళ్ళ మీద లెక్కపెడుతున్నావు. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బలవంతపు వసూళ్ళు ఆపాలని ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, పేపర్లో ఏం రాశారో చదివి చెప్పక్కా అని మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. యూనస్ గారి ఆలోచన ఎంత మంచిదో నువ్వు పుస్తకాల్లో చదివావు. అదే ఆలోచన దారి తప్పితే ఇంట్లో అన్నం ఎలా సహించదో కళ్ళారా చూశావు. ఈ రెండూ తెలిసిన పిల్ల రాసిన కాగితం నా కమిటీకి ఒక్కటి వచ్చినా పక్కకు తీసి పెట్టుకునేదాన్ని.

ఇప్పుడు నీ గుడ్డ సంచుల వ్యాపారం చూడు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ సంచులు వద్దన్నారు కాబట్టి మొదలుపెట్టానని రాసి, భూమాత గురించి నాలుగు వాక్యాలు చేర్చావు. తారీఖు ఉంచు, భూమాతను తగ్గించు. నువ్వు వదిలేసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. టైలరు షాపుల్లో మిగిలిన గుడ్డ ముక్కలతో సంచులు కుట్టినవాళ్ళకు ఏ రోజు కూలీ ఆ రోజు సాయంత్రమే చేతిలో పెడతావు. అడ్వాన్సు ఇచ్చి ఎవరినీ కట్టిపడెయ్యవు, ఒకరి తప్పుకు ఇంకొకరిని పూచీ చెయ్యవు. ఎందుకలా అంటే "అలవాటు పెద్దమ్మా" అన్నావు. ఆ అలవాటు నీకు మంగళవారాల్లో పడింది బిడ్డా. నీ కష్టాన్నీ నీ వ్యాపారాన్నీ కలిపి కుట్టే దారం అదే. మొదటి పేరాలో తలుపు చాటు పిల్ల, చివరి పేరాలో సాయంత్రం కూలీ లెక్కపెట్టి ఇచ్చే పిల్ల. మధ్యలో మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది.

శ్రీకాంత్ బొల్లా గారి సంగతి నీకు తెలుసు. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకు వెళ్ళి సాధించుకున్నారు, అక్కడి నుంచి అమెరికాలో పేరున్న ఎంఐటీ యూనివర్సిటీకి. తిరిగొచ్చి 2012లో మన హైదరాబాద్‌లోనే దివ్యాంగులకు పనిచ్చే కంపెనీ పెట్టారు. ఆ కథ విన్నవాళ్ళకు గుర్తుండిపోయేది కోర్టు మెట్లు ఎక్కిన కుర్రాడు. నీ కాగితంలో కూడా నువ్వు ఏం చేశావో ఆ వాక్యాలు ఎక్కువుండాలి, నీకు ఏం జరిగిందో ఆ వాక్యాలు తక్కువుండాలి. పెన్సిలు తీసుకుని రెండు రకాలకూ వేరువేరు గుర్తులు పెట్టి చూడు.

"వందలాది మహిళల జీవితాల్లో వెలుగు నింపాను" అన్న వాక్యం కొట్టెయ్యి. నీ దగ్గర కుట్టేది పదకొండు మంది. పదకొండు అనే రాయి. సంచికి దారం ఖర్చెంత, కూలీ ఎంత, వారానికి ఎన్ని అమ్మావు, ఎన్ని మిగిలాయి, అన్నీ నీ నోటుబుక్కులో ఉన్నాయి కదా, అవి రాయి. ఎర్రగడ్డ రైతు బజారులో ఉల్లిగడ్డల బరువుకు సంచి కాడలు తెగి, కొన్నవాళ్ళు నీ మీదకు గొడవకొచ్చిన రోజు గురించి ఒక్క ముక్క రాయలేదేం? మీ అమ్మ చెబితే నాకు తెలిసింది. కాడ మొదట్లో గుడ్డ మడతపెట్టి అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టు వెయ్యమని చెప్పింది కుట్టేవాళ్ళలో ఒకామె అట కదా. అది తప్పక రాయి, ఆలోచన ఆమెదని కూడా రాయి. పని చేసినవాళ్ళకే కాడలు తెగుతాయని కమిటీలో కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలుసు.

ఇంకో సంగతి, ఇది చెప్పడం నాకు కష్టమే. నేను కమిటీలో చేరిన కొత్తలో ఒక కుర్రాడు తండ్రి చావు గురించి రాశాడు. అందరికంటే ఎక్కువ మార్కులు నేనే వేశాను. ఇంటర్వ్యూలో "ఆ రోజు ఏం జరిగింది బాబూ" అని అడిగిందీ నేనే. పిల్లవాడికి మాట రాలేదు. గ్లాసులో నీళ్ళు కూడా తాగలేకపోయాడు. స్కాలర్‌షిప్ ఇచ్చాం, కానీ ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడిగినా నిలబడి చెప్పగలిగినంతే రాయి. అంతకు మించి నువ్వు ఎవరికీ బాకీ లేవు.

మీ నాన్న తాగుడు గురించి రాసిన పేరా అందుకే నన్ను ఆపేసింది. అది నీ ఒక్కదాని కథ కాదు. మీ అమ్మది కూడా. తనను అడిగావా?

చదువయ్యాక కనీసం రెండేళ్ళు మన దేశంలోనే ఉండాలన్న షరతు చెవెనింగ్‌కు ఉంది. కాబట్టి "ప్రపంచాన్ని మారుస్తాను" వద్దు. తిరిగొచ్చిన మొదటి ఏడాది ఎర్రగడ్డ దాటి ఏ బజారుకు వెళ్తావు, కుట్టేవాళ్ళకు లాభంలో వాటా ఎలా ఇస్తావు, అక్కడ చదివే ఏ పాఠం అందుకు కావాలి, అది రాయి. ఇంగ్లీషు గురించి భయపడకు. ముందు మన మాటల్లో రాసుకో, మార్చడానికి నేనున్నాను.

ఆదివారం రా. నోటుబుక్కూ, కాడ తెగిన సంచి దాచి ఉంటే అదీ పట్టుకురా. మీ అమ్మకు ఆ పేరా చదివి వినిపించాకే బయలుదేరు. వద్దంటే ఇంటి దగ్గరే కొట్టేసి రా.

నీ పెద్దమ్మ