బొగడబంతి వేస్తున్నావని తెలిసి

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో అవీ ఇవీ అరగంట మాట్లాడి, పెట్టేసే ముందు "అన్నట్టు అక్కా, నీ మేనకోడలు పూలు పెంచి అమ్ముతుందట" అన్నాడు. ఏం పూలురా అంటే కాస్త నసిగి "బొగడబంతి" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఎందుకో నీకు తెలీదు. ఈ ఉత్తరంలో సగం అందుకే రాస్తున్నాను.

మిగతా సగం సంబరం. నా రక్తంలో ఈ పిచ్చి నాతోనే పోతుందనుకున్నాను. గులాబీ కాదు, చామంతి కాదు, ఎవరూ రెండోసారి తిరిగి చూడని ఈ గుండు పువ్వుని ఎంచుకున్నావంటే నీకు కళ్లున్నాయి. బుద్ధి ఉందో లేదో మూడు నెలలు పోతే తెలుస్తుంది.

రోజుకి 6 గంటలకి తగ్గకుండా ఎండ పడాలి. నీరు నిలవని నేల కావాలి. చలి పూర్తిగా వెనక్కి తగ్గాకే నాటాలి, మంచు తగిలితే ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది. ఇవి నీకు తెలిసినవే, ముందుకి పోదాం.

విత్తనాల పొట్లం విప్పగానే బెంగపడకు. గింజలకి బదులు పిప్పిలాగా, దుమ్ము పట్టిన దూది ఉండల్లాగా కనిపిస్తాయి. ఆ నూగు లోపలే గింజ ఉంటుంది. కాస్త ఇసక కలిపి రెండు అరచేతుల మధ్య మెల్లగా రుద్దు, నూగు ఊడుతుంది. ఒక పూట నానబెట్టి చల్లు, పైన పల్చగా మట్టి కప్పు. 21 నుంచి 24 డిగ్రీల వెచ్చదనం ఉంటే 10–14 రోజుల్లో మొలుస్తాయి. ఈలోగా రోజూ వేలితో మట్టి కెలికి చూసే అలవాటు మన ఇంట్లో అందరికీ ఉంది, నీకూ ఉండే ఉంటుంది. మానుకో. నారుమడికి నీళ్లు మాత్రం పొదుపుగా పొయ్యి. తడి ఎక్కువైతే మొక్క మొదట్లో సన్నగా నలిగినట్టయి పక్కకి వాలిపోతుంది. నారుకుళ్లు వచ్చాక చేసేదేమీ లేదు.

రకం దగ్గర మోసపోకు. పొట్లం మీద బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి. గ్నోమ్, బడ్డీ లాంటివి పొట్టి రకాలు, జానెడు ఎత్తులోనే ఆగిపోతాయి. కుండీల్లో ముద్దొస్తాయి కానీ కోసి కట్ట కట్టడానికి కాడ ఉండదు. నీకు కావలసింది మూరన్నర ఎత్తు పెరిగేవి. ఊదా, గులాబీ, తెలుపు రంగులవి అసలు బొగడబంతులు. ఎరుపు కావాలంటే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ అని ఉంది, అది దీనికి అచ్చంగా చెల్లెలు కాదు, పినతల్లి కూతురు. జాతి వేరు, పేరు గాంఫ్రీనా హాగియానా. తల కొంచెం కోలగా ఉంటుంది. మొదటి ఏడాది ఊదా ఎక్కువ వెయ్యి. ఎండాక కూడా దాని రంగు బాగా నిలుస్తుంది. గులాబీల్లో, మందారాల్లో ఉండే రంగు పదార్థం కాదు దీనిది. ఇది తోటకూర కుటుంబం మొక్క. బీట్‌రూట్‌ని ఎర్రగా ఉంచే బీటాలెయిన్ల జాతి రంగే ఇందులోనూ ఉంది. 

జానెడు, జానెడున్నర దూరంలో నాటు. మొక్క బెత్తెడున్నర, రెండు బెత్తెలు ఎదిగి, మూడు నాలుగు జతల ఆకులు వేసి చక్కగా నిలబడ్డ రోజున నడి కొన తుంచెయ్యాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మొదటిసారి నేను కత్తెర పట్టుకుని వరస మొదట్లో నిలబడి, మొదటి మొక్క వదిలేసి రెండోదానికి పోయాను, అదీ వదిలేశాను. అలా వరస చివరికి వచ్చేశాను. అమ్మ వెనకనుంచి చూసి ఏమీ అనకుండా వచ్చి మొత్తం వరస గిల్లుకుంటూ పోయింది. తుంచని మొక్కకి నడుమ ఒక్క కాడ, దాని మీద ఒక పెద్ద తల. తుంచిన మొక్కకి కణుపు కణుపుకీ రెండేసి కొమ్మలు. గిల్లిన వారం రోజులు నీకు ఏడుపొస్తుంది, ఆ తర్వాత నువ్వే నవ్వుకుంటావు.

ఎరువు దండిగా వెయ్యకు. నత్రజని ఎక్కువైతే ఆకు పిచ్చిగా పెరిగి పువ్వు తగ్గుతుంది, కాడ మెత్తబడి గాలికి వాలుతుంది. వరసకి అటూ ఇటూ గుంజలు పాతి, మోకాలెత్తున వల పరిస్తే వానకి పడిపోవు. ఎర్రనల్లి పట్టేది బాగా పొడిగా ఉన్నప్పుడు, బూడిద తెగులు పట్టేది మొక్కలు కిక్కిరిసి గాలి ఆడనప్పుడు. గాలి సంగతి మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకు.

విత్తిన మూడు నెలలకి పూత చేతికొస్తుంది. మనం పువ్వు అంటున్న ఆ గుండ్రటి తల నిజానికి ఒక్క పువ్వు కాదు. రంగంతా పొలుసుల్లాంటి తొడుగులది. అసలు పూలు వాటి సందుల్లోంచి ఆవగింజంత నక్షత్రాల్లా తొంగిచూస్తాయి. ఆ తొడుగులు మొక్క మీద ఉండగానే కాగితంలా గరగరలాడతాయి. పొద్దున్నే ఒక తలని వేళ్లతో నొక్కి చూడు, నిన్ననో మొన్ననో ఎండిన పువ్వులా ఉంటుంది. బతికి, నీళ్లు తాగుతూ, కొమ్మ మీద ఊగుతూ ఉన్న పువ్వది! నా కొంప ముంచింది అదే.

అప్పుడు నాకు 26, మీ నాన్నకి 12. మొదటిసారి ఎవరో పెద్ద వేడుకకి ఎండు పూలు కావాలన్నారు. 60 కట్టలు, ఫలానా తేదీకి. ఆ వారమంతా ముసురు. తేదీ దగ్గరపడుతోందని, వాన ఆగిన రెండు గంటలకే, ఆకుల మీద చుక్కలు ఇంకా జారుతుండగానే కోసేశాను. కట్టలు పిడికిట్లో పట్టనంత లావుగా కట్టాను, చూడ్డానికి నిండుగా ఉంటాయని. వెనక గదిలో కిటికీ మూసి, దండేలకి తలకిందులుగా వేలాడదీశాను. తొమ్మిదో రోజున వెళ్లి ఒక కట్ట ఊపాను. గలగలలాడింది. ఇంకేం, ఎండిపోయాయి అన్నాను.

మీ నాన్న అట్టపెట్టెలు అందిస్తున్నాడు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే, ఏ వస్తువు కనబడ్డా అందులో చెయ్యి పెట్టి చూడాలి. ఒక కట్ట నడిమధ్యకి రెండు వేళ్లు దూర్చి, తీసి, చెంపకి ఆనించుకుని, "అక్కా, లోపల చల్లగా ఉందే" అన్నాడు. "నీకేం తెలుసురా, అది నీడకి" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? బయటి తేమ లోపలికి పోకూడదని పెట్టెలో చుట్టూ ప్లాస్టిక్ కాగితం పరిచాను. లోపలి తేమ బయటికి పోకుండా నా చేతులతో నేనే కట్టడి చేశాను. టేపు వేశాను, రెండు వరసలు.

పదహారు రోజుల తర్వాత పెట్టెలు వెనక్కొచ్చాయి. వాకిట్లో, అందరి ముందర విప్పారు. ముందు వాసన వచ్చింది. వానలో తడిసి మూల పడేసిన గోనెసంచి వాసన. పైన పూలు బాగానే ఉన్నాయి, రంగు కూడా చెదరలేదు. కట్ట విప్పి మధ్యకి పాయ తీస్తే సాలెగూడులాంటి బూజు, తలనీ తలనీ కలిపి కుట్టినట్టు. కాడలు వేళ్ల మధ్య జిగటగా జారాయి. 60 కట్టల్లో 11 మిగిలాయి, అవి బయటి వరసల్లో పెట్టినవి.

మా నాన్న నా వంక చూశాడు. నేను మీ నాన్న వంక చూశాను. "వీడే, పెట్టెలున్న గదిలో నీళ్ల బకెట్టు పెట్టాడు" అన్నాను.

బకెట్టు పెట్టిన మాట నిజమే. పెట్టెలు మూసేశాక, గదిలో ఆ చివర. వాడికి దెబ్బలు పడ్డాయి. "నేను చెప్పాను, అక్క వినలేదు" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. మర్నాటినుంచి పూలమడి వైపు రావడం మానేశాడు, అంతే. బడి నుంచి వచ్చేటప్పుడు అటు చుట్టు తిరిగి వచ్చేవాడు. ఇన్నేళ్లలో ఆ బకెట్టు సంగతి వాడు ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు. నిన్న "బొగడబంతి" అని నసిగింది అందుకే.

సరే. ఇప్పుడు నేను చెప్పేది విను, విసుక్కోకుండా విను.

మంచు పూర్తిగా ఆరాక, ఎండ ముదరకముందు కొయ్యి. వాన పడితే ఆ రోజు కొయ్యకు, ఎవరు తొందరపెట్టినా సరే. తేదీ చెప్పి తరిమేవాళ్లకి ఎండు పూలు ఒప్పుకోకు, తాజా పూలు ఇస్తానని చెప్పు. తాజాగా కూడా ఇవి దిట్టమైనవే, నీళ్లలో వారం, పది రోజులు నిలుస్తాయి. ఆకులు మాత్రం ముందే వాడిపోతాయి, అందుకని నీళ్లలో మునిగే ఆకులన్నీ, వీలైతే పైవి కూడా, దూసెయ్యాలి. రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలి.

లేత తల కొయ్యకు, మెడ వాలిపోతుంది. తల కింద ఒక జానెడు దిగువన కాడని పట్టుకుని ఊపి చూడు. మెడ గట్టిగా నిలబడితే కోతకి వచ్చినట్టు, పైన తల ఊగిసలాడితే ఇంకో నాలుగు రోజులు ఆగు. మరీ ఆగినా కష్టమే. ముదిరిన తల గుండ్రం పోయి పొడుగు సాగుతుంది, అడుగున పొలుసులు గోధుమరంగుకి తిరుగుతాయి. అది ఎండితే ముట్టుకున్న చోటల్లా రాలుతుంది. అలాంటివి మడికి నాలుగైదు విత్తనానికి వదిలెయ్యి. వచ్చే ఏడాదికి కొనే పని ఉండదు, కొన్ని వాటంతట అవే మొలుస్తాయి కూడా. ఎంత కోస్తే అంత పూస్తుంది, కాబట్టి పొదుపు చూపించకు. కాడ పొడుగ్గా, కణుపు పైన కొయ్యి.

ఆరబెట్టడానికి ఆకులన్నీ దూసెయ్యి. ఈ పని గురించి ఎవరూ చెప్పరు. నాటడం ఒక రోజు పని, ఆకు దూయడం సీజనంతా పని. కాడల మీద సన్నటి నూగుంటుంది, సాయంత్రానికి వేళ్లు గరుకెక్కుతాయి. కొబ్బరినూనె రాసుకో. అందుకే మొదటి ఏడాది 50 మొక్కలు దాటొద్దంటున్నాను. మీ నాన్న 300 అన్నాడు. వెర్రా నీకు?

కట్టకి 10, 12 కాడలు, అంతకి మించొద్దు. తలలన్నీ ఒకే ఎత్తులో గుమిగూడకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టి కట్టు, మధ్యలోంచి గాలి పోవాలి. దారం కాదు, రబ్బరు బ్యాండు వెయ్యి. కాడ ఎండేకొద్దీ సన్నబడుతుంది, దారంలోంచి ఒక్కొక్కటీ జారి తల నేలకి కొట్టుకుంటుంది, రబ్బరు దానితోపాటే బిగుసుకుంటుంది. చీకటి గది, కానీ గాలి ఆడే గది. వెలుగు తగిలితే రంగు వెలుస్తుంది, గాలి లేకపోతే ఏమవుతుందో పైన రాశాను. రెండు మూడు వారాలు పడుతుంది. ముసురు పట్టిన రోజులు ఆ లెక్కలో వెయ్యకు.

గలగలని నమ్మకు. నడి కట్టలోంచి ఒక తల తీసి, గోటితో రెండుగా చీల్చి లోపలి గుంజు చూడు. అది వంగకూడదు, పొడిగా విరగాలి. కాడ కూడా టప్పున విరగాలి. అప్పటికీ అనుమానముంటే నాలుగు తలలు గాజు సీసాలో వేసి బిగించి ఒక రాత్రి ఉంచు. తెల్లారి గాజు మీద ఆవిరి కనిపిస్తే కట్టలన్నీ మళ్లీ దండేనికి. పెట్టెలో కాగితమే పరుచు. ప్లాస్టిక్ పరిచావని తెలిస్తే ఈ వయసులో బయల్దేరి వస్తాను.

నడుం జాగ్రత్త, నీళ్ల బకెట్లు నిండుగా మొయ్యకు. టోపీ పెట్టుకో. నీ మొదటి కట్ట నాకు పంపక్కర్లేదు, ఇంట్లోనే ఉంచుకో. దాన్ని దించే రోజున మీ నాన్నని పక్కన కూచోబెట్టుకుని, నడి కట్టలోంచి ఒక తల తీసి వాడి చేతికియ్యి. చెంపకి ఆనించుకుని చూడమను.

ఈ ఉత్తరం వాడికీ ఇవ్వు. "అప్పుడు నాకు 26" అని మొదలయ్యే పేజీ మాత్రం నువ్వు పైకి చదివి వినిపించకు. వాణ్నే చదువుకోనీ.

మీ అత్త