సెంటు వేశాక క్రీమ్ ఎందుకు నీరుగారిపోతుంది?

మీరు అడిగింది ఇదీ: బేస్ (ఇంకా ఏమీ కలపని క్రీమ్) చిక్కగానే వస్తోంది, కలబంద రసం, సెంటు కలిపిన మర్నాటికి జారిపోతోంది, నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ పెంచాలా అని. పెంచకండి. వ్యాక్స్ పాపం ఏం చేసింది? తరవాత పోసినవాటిని పట్టుకోండి.

నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు క్రీముల ల్యాబ్‌లో పనిచేశాను. అయినా ఈ పాఠం నేర్చుకున్నది మాత్రం ఆమదాలవలసలో, మా వదిన వంటింట్లో. అరసవల్లి రథసప్తమికి వచ్చే జనానికి అమ్ముదామని ఆవిడ డ్వాక్రా గ్రూపు ఐదు కిలోల క్రీమ్ కాచింది. సాయంత్రానికి వెన్నలా వచ్చింది. అందులో పెరటి కలబంద రసం పోశారు. మల్లె సెంటు సరిగ్గా కలవడం లేదంటే, "స్పిరిట్‌లో కరిగించి పొయ్యండి" అని సలహా ఇచ్చిన మేధావిని నేనే. తెల్లారేసరికి వదిన గిన్నె పట్టుకుని నా మంచం దగ్గర నిలబడింది. "ఏటి బాబూ, నిన్న వెన్నలాగుంది, ఇయ్యేల మజ్జిగైపోనాది?" గరిటెతో ఎత్తితే ధారగా కారింది. కడిగి ఆరబెట్టిన డబ్బాలన్నీ వరండాలో మూతలు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి.

క్రీమ్ చిక్కగా ఉండేది నూనె వల్ల కాదు. వ్యాక్స్‌లో పది వంతుల్లో తొమ్మిది సీటోస్టియరైల్ ఆల్కహాల్ (పేరులో ఆల్కహాల్ ఉన్నా ఇది స్పిరిట్ కాదు, మైనంలాంటి గట్టి పదార్థం), ఒకటి సోడియం లారైల్ సల్ఫేట్ (సబ్బులాంటి పదార్థం). నీళ్లలో ఇవి రెండూ కలిసి పొరలు పొరలుగా పేరుకుంటాయి. బీరువాలో మడతలు పెట్టిన పొందూరు పంచెల దొంతర అనుకోండి, ప్రతి మడతకీ నడుమ నీరు. వేడిగా ఉన్నప్పుడు అది ద్రవ స్ఫటికం, అంటే ద్రవంలా కదులుతూనే వరస తప్పని అమరిక; చల్లారితే జెల్. లారైల్ సల్ఫేట్ వల్ల పొరలన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ సందులోనే నీరు నిలుస్తుంది.

కలబంద రసంలో లవణాలుంటాయి. లవణం పడితే ఆ నెట్టుడు తగ్గి పొరలు దగ్గరవుతాయి, నీరు బయటికి వస్తుంది. షాంపూలో ఉప్పు వేస్తే చిక్కబడుతుంది కదా అని వాదించేవాళ్లు నాకు ఎప్పుడూ తగులుతూనే ఉంటారు. షాంపూలో ఉన్నవి పొరలు కావు, పొడవాటి పురుగుల్లాంటి గుంపులు. పైగా అక్కడ కూడా ఉప్పు మోతాదు మించితే పలచబడుతుంది. స్పిరిట్ దారి వేరు. అది నీళ్లలోనూ పొరల్లోనూ దూరి అమరికను వదులు చేస్తుంది. సెంటులోని నూనె కూడా ఆ పొరల మధ్యలోనే కాపురం పెడుతుంది, ఎక్కువైతే వాటి అమరిక చెదురుతుంది. గ్లిజరిన్ మాత్రం చాలావరకు నీళ్ల వైపే ఉండిపోతుంది, అందుకే అంత చెడగొట్టదు. క్రీముల్లో గ్లిజరిన్‌లాగే వాడే ప్రొపైలిన్ గ్లైకాల్ అనే ద్రవం మోతాదు పెరిగితే స్పిరిట్ బాటే పడుతుంది.

ఆ రోజే మిగిలిన బేస్‌ని నాలుగు స్టీలు గ్లాసుల్లో పోసి ఒకదానిలో కలబంద, ఒకదానిలో స్పిరిట్, ఒకదానిలో గ్లిజరిన్ వేశాను. నాలుగోది ఊరికే ఉంచాను. సాయంత్రానికి కలబంద గ్లాసు మీద నీరు తేరింది, స్పిరిట్‌ది పాలలా అయింది. మిగతా రెండూ గట్టిగానే ఉన్నాయి. ఒక్క పూట పరీక్షే, నాకు అది చాలు. ఇక అటు ఇటు అనడం నావల్ల కాదు.

కలబంద వదలలేకపోతే లారైల్ సల్ఫేట్ వ్యాక్స్ బదులు విద్యుదావేశం లేని (నాన్‌అయానిక్) ఎమల్సిఫయర్ వాడండి, దానికి లవణాల బెడద తక్కువ. సెంటు స్పిరిట్ లేకుండా, క్రీమ్ 40 డిగ్రీలకు దిగాక, కొద్దిగా. చల్లారేటప్పుడు మిక్సీ పెట్టకండి, మెల్లగా కలపండి చాలు. ఇంకొకటి, "కెమికల్స్ లేని క్రీమ్" అని లేబుల్ వేయించమని మా వదిన ఇప్పటికీ నా ప్రాణం తీస్తోంది. నీళ్లు కూడా కెమికలే వదినా అంటే, నీకు వ్యాపారం తెలీదంటుంది. చెంచాలతో కొలిచే అలవాటు మాత్రం మాన్పించలేకపోయాను. తూకం మిషన్ నేనే కొనిచ్చాను, ఇప్పుడు దాని మీద చింతపండు తూస్తున్నారు.

మీరు స్పిరిట్ ఎన్ని గ్రాములు పోశారో కింద రాయండి. "ఉజ్జాయింపుగా" అని మాత్రం రాయకండి.