మీ అత్తయ్య చూసినదీ, నువ్వు రాసినదీ

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సింహాచలం మీద నీ వ్యాసం చదివాను. చందనోత్సవం రోజు క్యూలో మీ అత్తయ్య కాళ్లనొప్పులు, మజ్జిగ ప్యాకెట్లు, వెనక నుంచి తోపులాట, చివరికి చందనం లేని స్వామి ముందు నిలబడ్డ ఆ కొన్ని క్షణాలు, అన్నీ కుదిరాయి. "ఆయన నన్ను చూశాడు" అని ఆవిడ అన్న చోట నేనూ ఆగిపోయాను. ఆ పక్క వాక్యంలోనే నువ్వు "దేవుడున్నాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అని రాసి ఆ మాట బలం తగ్గించేశావు. మీ ఫ్రెండెవరో ఇదంతా మెదడులో రసాయనాల పని అన్నాడని ఇప్పుడు టెన్షన్ పడుతున్నావు. నాకైతే ఇద్దరిదీ ఒకే తొందరలా కనిపిస్తోంది.

అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1901-02లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి అనుభవాలకి నాలుగు గుర్తులు చెప్పాడు. మాటల్లో పెట్టలేం, ఏదో తెలిసిందన్న నమ్మకం కలుగుతుంది, ఎక్కువసేపు ఉండదు, మన చేతిలో ఉండదు. మీ అత్తయ్యకి నాలుగూ సరిపోతాయి. అయితే నీకు పనికొచ్చేది ఆయన తేల్చిన సంగతి: అనుభవం కలిగినవాళ్లకి అది ప్రమాణమే, బయటివాళ్లు మాత్రం ప్రశ్నించకుండా ఒప్పుకోనక్కర్లేదు. దాని మూలం ఎక్కడుందని కాక, దానివల్ల మనిషిలో ఏం మారిందని చూడమన్నాడు. నీ వ్యాసంలో లేనిది అదే. కొండ దిగాక ఆవిడ ఏం చేసింది? మర్నాడు ఎలా ఉంది? అడిగావా?

ఇంకో చిక్కుంది. రాస్ హిల్ చర్చిలో మోకరిల్లిన ఇంకో ఆవిడకి మరియమ్మ కనిపిస్తుంది గానీ నరసింహస్వామి కనిపించడు. ముందే మనసులో ఉన్న భావాలే అనుభవాన్ని మలుస్తాయని స్టీవెన్ కాట్జ్ అనే పండితుడు 1978లో వాదించాడు. మరుసటి ఏడాది రిచర్డ్ స్విన్‌బర్న్ అనే ఇంగ్లీషు తత్వవేత్త, అనుమానించడానికి కారణం లేనంతవరకూ కనిపించినదాన్ని నమ్మడమే సబబు అన్నాడు. ఇద్దరినీ చదువు, ఎవరి పక్షాన చేరాలో తర్వాత చూసుకోవచ్చు.

ఇవన్నీ పడమటి గొడవలనుకోకు. మన దగ్గర ఈ తగువు ఇంకా పాతది, ఇంకా పదునైనది. తొట్లకొండ మీద ఆ పాత బౌద్ధారామంలో తిరిగొచ్చానన్నావు కదా. బౌద్ధ తార్కికులు దిఙ్నాగుడు, ధర్మకీర్తి ప్రమాణాలు, అంటే నిజం తెలుసుకునే దారులు, రెండే అన్నారు: ప్రత్యక్షం (నేరుగా చూడడం), అనుమానం (సందేహం కాదు, పొగని చూసి నిప్పుందని తేల్చడం లాంటిది). శాస్త్రవాక్యానికి విడిగా పీట వెయ్యలేదు. ధ్యానంలో యోగికి కలిగే చూపుని ధర్మకీర్తి ప్రత్యక్షంలోనే చేర్చాడు. చేర్చినవాడే, కామంతోనో శోకంతోనో భయంతోనో కలతపడ్డవాళ్లకి లేనివి కూడా ఎదురుగా ఉన్నట్టే కనిపిస్తాయని ఒప్పుకున్నాడు. అంటే ఎంత స్పష్టంగా కనిపించినా అది నిజమనడానికి ఆ స్పష్టత ఒక్కటే చాలదు. తన పక్షానికే ఇబ్బంది తెచ్చే మాటని దాచకుండా చెప్పడం చూశావా? నీ వ్యాసానికి కావాల్సింది ఆ ధైర్యం.

వేదమే ప్రమాణమనే మీమాంసకుడు కుమారిల భట్టు అసలు యోగి చూపునే ఒప్పుకోలేదు. మనిషి ఎంత గొప్పవాడైనా ధర్మాన్ని కంటితో చూడలేడు, వేదమే చెప్పాలి. మరి వేదం ఎవరి మాట? ఎవరిదీ కాదు. చెప్పినవాడుంటే పొరపాటుకి చోటుంటుంది, లేడు కాబట్టి లేదు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, దీన్ని ఒప్పుకోరు. చెప్పినవాడు నమ్మదగ్గవాడు కాబట్టే మాట చెల్లుతుంది, ఆ చెప్పినవాడు ఈశ్వరుడు అంటారు. కుమారిలుడిదేమో దేవుడు కర్తగా లేని దివ్యవాక్కు! మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత నిద్ర పట్టలేదు. నువ్వు మాత్రం వేదవాక్యాన్నీ అత్తయ్య దర్శనాన్నీ ఒకే పేరాలో కలిపేశావు. ఒకటి విన్న మాట, ఇంకొకటి చూసిన చూపు. వాటిని నమ్మడానికి కారణాలు వేరు, శంకలూ వేరు.

1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రాధాకృష్ణన్, ఇలాంటి సాక్షాత్కారం తనకు తానే రుజువు అన్నాడు. నాకు ఇక్కడ పేచీ ఉంది. సందేహం లేకపోవడం వేరు, తప్పు లేకపోవడం వేరు. నువ్వు ఆయన పక్షమే వహించినా సరే, ఈ శంకకి జవాబు మాత్రం రాయి.

ఆ "సాక్ష్యం" వాక్యం కొట్టెయ్యి. రసాయనాల మాట ఎందుకు సరిపోదో ఒక పేరా రాయి: ప్రతి ఆలోచన వెనకా మెదడు ఉంటుంది, లెక్కలు చేసేటప్పుడూ ఉంటుంది, అంతమాత్రాన లెక్క తప్పు కాదు. అచ్చుకి ఇచ్చేముందు మొత్తం అత్తయ్యకి చదివి వినిపించు. ఆవిడ వద్దన్నది తీసేసి, మిగిలింది నాకు పంపు.