సమాధానం: బంగారం మీద బెంజీన్, టీపీడీలో రెండు పీక్‌లు

టీపీడీలో (ఉపరితలాన్ని క్రమంగా వేడి చేస్తూ, ఏ ఉష్ణోగ్రతలో ఏ అణువులు విడిపోతాయో కొలిచే పద్ధతి) బంగారం మీద బెంజీన్ వేసి వేడి చేస్తే 150, 240 కెల్విన్ దగ్గర రెండు పీక్‌లు వస్తున్నాయని, అణువు విరిగిపోతోందేమోనని అడిగారు. టెన్షన్ వద్దండీ, బంగారం అంత పని చేయదు. ప్లాటినం అయితే అనుమానించాల్సిందే.

డోస్, అంటే వేసే బెంజీన్ మోతాదు, పెంచుతూ చూడండి. 150 దగ్గరి పీక్ ఆగకుండా పెరుగుతూ, వేర్వేరు డోస్‌ల పీక్‌లు ఎక్కే అంచులన్నీ ఒకదానిమీద ఒకటి పడుతుంటే అది బెంజీన్ మీద పేరుకున్న బెంజీన్, అంటే మల్టీలేయర్. జీరో ఆర్డర్ (ఎంత పేరుకుందన్న దానితో సంబంధం లేకుండా అణువులు ఒకే వేగంతో విడిపోవడం) లక్షణం అదే. 240 దగ్గరిది ఒక హద్దు దాటాక పెరగదు. అది లోహాన్ని నేరుగా అంటుకున్న మొదటి పొర. పట్టి ఉంచేది ఎక్కువగా వాండర్‌వాల్స్ బలమే, అంటే రసాయన బంధం కాని బలహీన ఆకర్షణ. ఇంకా అనుమానం ఉంటే ద్రవ్యరాశి 78 (బెంజీన్)తో పాటు 2 (హైడ్రోజన్) కూడా రికార్డ్ చేయండి. విరిగితే హైడ్రోజన్ విడిగా, ఎక్కువ ఉష్ణోగ్రతలో కనిపిస్తుంది.

అసలు ఇబ్బంది మీ శక్తి లెక్కలో, అంటే అణువు ఉపరితలం నుంచి విడిపోవడానికి కావలసిన శక్తి లెక్కలో ఉంది. పీక్ ఉష్ణోగ్రత నుంచి ఆ శక్తిని లెక్కించే రెడ్‌హెడ్ సూత్రంలో, ప్రీఎక్స్‌పొనెన్షియల్ ఫ్యాక్టర్‌గా (అణువు విడిపోవడానికి సెకనుకు ఎన్నిసార్లు ప్రయత్నిస్తుందో సుమారుగా చెప్పే సంఖ్య) అలవాటుగా 10^13 వేశారు. సెకనుకు 1 కెల్విన్ చొప్పున వేడి చేస్తే, 240కి మోల్‌కు సుమారు 63 కిలోజౌళ్లు వస్తుంది. 10^15 వేస్తే దాదాపు 73. ఉపరితలం మీద కదలిక తగ్గిన పెద్ద అణువులకు రెండోదే నమ్మదగ్గది.