చప్పుడు చేయని గేమింగ్ పీసీ కావాలంటే

చిన్నా,

చప్పుడు చేయని గేమింగ్ పీసీ కోసం నువ్వు పంపిన విడిభాగాల లిస్టు చూశాను. ఏడు రంగుల ఫ్యాన్లు, లిక్విడ్ కూలర్, ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్. చూడ్డానికి పెళ్లి పందిరిలా బానే ఉంటుంది గానీ, గాలి ఎటునుంచి లోపలికి పోవాలిరా? ముందు వైపు మెష్, అంటే జాలీ ఉన్నది తీసుకో.

ఫ్యాన్లు మోత పెట్టేది వేడిని బయటికి తోయడానికే. కాబట్టి వేడి తక్కువ పుట్టే ప్రాసెసర్ ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే. నువ్వు రాసిన ఇంటెల్ ప్రాసెసర్ ఐ9-14900కె పూర్తి లోడులో 253 వాట్ల దాకా లాగుతుంది. ఏఎండీ వాళ్ల రైజెన్ 7 7800ఎక్స్3డీ రేటింగే 120 వాట్లు. ఆటల్లో అంతకంటే బాగా తక్కువే తీసుకుంటుంది. దానికి లిక్విడ్ కూలర్ దండగ. పైగా పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, రాత్రిళ్లు ఆ సన్నటి మోత చెవిలో పడుతుంది. మంచి టవర్ కూలర్ చాలు, అంటే లోహపు రేకులు, ఫ్యాన్‌తో నిలువుగా ఉండేది. బిగించేముందు దాని అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర పీకెయ్యి. నవ్వకు, అది తీయకుండానే బిగించి ‘వేడెక్కిపోతోంది’ అని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ముందు 140 మి.మీ. ఫ్యాన్లు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. అంతే. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా కావలసినంత గాలి ఇస్తుంది. అదే ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే మోత దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది.

ఒకే తీరుగా వచ్చే మోతకు చెవి అలవాటు పడిపోతుంది. చిరాకంతా అది పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే. బ్రౌజర్ తెరవగానే ప్రాసెసర్ ఒక్కసారిగా పది పదిహేను డిగ్రీలు ఎగిరి వెంటనే దిగిపోతుంది. ఫ్యాన్ దాని వెంటపడి బుయ్యిమంటుంది. బయోస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత, తెరిచి 65 డిగ్రీల దాకా దాన్ని చదునుగా ఉంచు, అక్కణ్నుంచి మెల్లగా ఎక్కించు. వేగం మారడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టే సెట్టింగ్ ఉంటే అదీ పెట్టు.

మే నెలలో బెజవాడలో గది 38 డిగ్రీలుంటే ఏ కూలరూ ప్రాసెసర్‌ని అంతకంటే కిందికి దించలేదు. స్క్రీన్ మీద 80 కనబడితే టెన్షన్ పడకు. ఈ రైజెన్ హద్దు 89 డిగ్రీలు.

ఆటాడేటప్పుడు ఎక్కువ వేడి గ్రాఫిక్స్ కార్డుదే. దాన్ని కాస్త అండర్‌వోల్ట్ చెయ్యి, అంటే దానికి అందే వోల్టేజీ తగ్గించు, స్పీడు పెద్దగా తగ్గదు. నీది 144 హెర్ట్జ్ మానిటర్ కదా, ఆటలో ఫ్రేములు కూడా సెకనుకు 144 దగ్గరే ఆపెయ్యి. మెనూ స్క్రీన్‌లో కార్డు కీచుమనడం కూడా దాంతో చాలావరకు తగ్గుతుంది.

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) కాస్త పెద్దదే కొను, లోడు తక్కువున్నప్పుడు ఫ్యాన్ ఆగిపోయే రకం. చప్పుడు చేసే హార్డ్ డిస్క్ వద్దు, లోపల తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీయే.

డబ్బు కట్టేముందు కొత్త లిస్టు వాట్సాప్‌లో పెట్టు. క్యాబినెట్ మోడల్ నంబరు మర్చిపోకు. టవర్ కూలర్లు కొన్ని 165 మి.మీ. ఎత్తుంటాయి, పక్క తలుపు పడుతుందో లేదో చూసి చెప్తాను.

మీ బాబాయ్