పలకని పేషెంటుకు ఈఈజీ పెట్టే ముందు

చి. శిరీషకు,

ఆశీస్సులు. ఐసీయూలో ఉలుకూ పలుకూ లేని పేషెంట్లలో స్పృహ ఉందో లేదో ఈఈజీతో (తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు తరంగాలు గీసే పరీక్షతో) చూసే టీములో చేరావని మీ అమ్మ చెప్పింది. మెషీన్ సంగతి అక్కడివాళ్లే నేర్పుతారు. దాన్ని ఆన్ చేసే ముందు, రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలో రాస్తాను.

ముందు మంచం దగ్గర పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చూడు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, వెజిటేటివ్ స్టేట్ (కళ్లు తెరుస్తున్నా స్పృహ లేని స్థితి) అని డాక్టర్లు కలిసి తేల్చిన 44 మందిని, స్పృహను మంచం దగ్గరే కొలిచే సీఆర్ఎస్-ఆర్ స్కేలుతో మళ్లీ పరీక్షిస్తే 18 మందిలో ఎంతో కొంత స్పృహ ఉన్నట్టు తేలింది. ఆ స్కేలుకు ఖరీదైన సామాన్లేమీ అక్కర్లేదు. మన వేలి వెంట కదలని కళ్లు ఒక్కోసారి అద్దంలో సొంత ముఖం వెంట కదులుతాయి. అయితే ఒకసారి చూసి వదిలేయకు. వాళ్ల మెలకువ పూటపూటకీ మారుతుంది, రెండు వారాల్లో ఐదుసార్లైనా చూడాలి.

ఈఈజీ రోజున నర్సును అడగాల్సినవి అడుగు: మత్తుమందు ఆఖరిసారి ఎప్పుడిచ్చారు? జ్వరం ఉందా? రక్తంలో సోడియం ఎంత? చెవులు వినిపిస్తాయా? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మెదడు ఎడమవైపు దెబ్బ తగిలి మాట అర్థంకాని మనిషికి స్పృహ ఉన్నా నీ ఆదేశం అందదు. వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా ఫలితాన్ని నమ్మలేం. చాలామంది తొందరపడేది ఇక్కడే, నువ్వు పడకు.

పరీక్ష మామూలే. "కుడిచెయ్యి మూస్తూ తెరుస్తూ ఉండండి", కాసేపాగి "ఇక ఆపండి" అని మళ్లీ మళ్లీ వినిపిస్తారు. చెయ్యి కదలకపోయినా ఆ రెండు ఆదేశాలకీ మెదడు తరంగాలు వేర్వేరుగా మారుతున్నాయా అని కంప్యూటర్ పోలుస్తుంది. పళ్లు బిగించినా, వైరు కదిలినా గ్రాఫులో అలలు లేస్తాయి. అవి మెదడువి అనుకోకూడదు.

2006లో, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే ఎంఆర్ఐలో మెదడు స్పందనతో జవాబిచ్చిన, వెజిటేటివ్ స్టేట్ అనుకున్న అమ్మాయి కథ పట్టుకుని బంధువులు నీ దగ్గరికి వస్తారు. ఆ కథ నిజమే. కానీ అందరికీ అలా జరగదని వాళ్లకు పరీక్షకు ముందే చెప్పు. ఫలితం వచ్చాక చెబితే ఎవరూ వినిపించుకోరు.

ఇక ఫలితం. 2024లో ఈఈజీతో, ఫంక్షనల్ ఎంఆర్ఐతో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్‌తో) కలిపి చేసిన పెద్ద అధ్యయనంలో, ఆదేశాలకు పైకి ఏమాత్రం స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్లు లోపల స్పందించాయి. పేపర్లన్నీ దీన్నే రాశాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఇంకోటి. అదే అధ్యయనంలో, చెప్పిన పని మన కళ్లముందే చేసి చూపించిన పేషెంట్లు 112 మంది ఉన్నారు. వాళ్లలో ఈ పరీక్షల్లో మెదడు స్పందన దొరికింది 43 మందికే! 2011 నాటి ఇంకో ఈఈజీ అధ్యయనంలో పూర్తి ఆరోగ్యంగా ఉన్న 12 మందిలోనూ ముగ్గురికి స్పందన దొరకలేదు. అందుకే గ్రాఫు ఖాళీగా వస్తే "ఈ రోజు ఈ పరీక్షలో స్పందన కనబడలేదు" అని రాయి, అంతకుమించి ఒక్క ముక్క రాయకు. "స్పృహ లేదు" అని నువ్వు రాస్తే, వెంటిలేటర్ తీసేయాలా వద్దా అని నలుగురూ కూర్చున్నప్పుడు ఆ కాగితమే తీర్పవుతుంది.

స్పందన కనబడినా ఆచితూచి మాట్లాడు. 2019లో ఈఈజీతో చేసిన ఒక అధ్యయనంలో అలా కనబడినవాళ్లలో 44 శాతం మంది ఏడాదికి, రోజులో ఎనిమిది గంటలు ఒకరి సాయం లేకుండా ఉండగలిగారు. కనబడనివాళ్లలో 14 శాతమే. ఆశ పెట్టుకోదగ్గ తేడానే, కానీ సగానికి పైగా అంతదూరం రాలేదని కూడా ఇంట్లోవాళ్లకు తెలియాలి.

ఈ మాటలేవీ మంచం పక్కన మాట్లాడొద్దు, బయటికి తీసుకెళ్లి చెప్పు. సూది గుచ్చే ముందు, ఎలక్ట్రోడ్లు అంటించే ముందు పేషెంటును పేరు పెట్టి పిలిచి చెప్పు, ఫలితం ఏదైనా సరే. రిపోర్టు కింద మత్తుమందు ఇచ్చిన టైమూ, మళ్లీ పరీక్ష చేయాల్సిన తేదీ రాయి. ఆ తేదీ లేకుండా సంతకం పెట్టకు.

ఇట్లు
పెద్దమ్మ